అక్క వినింది

పోయిన నెల పెనుకొండలో ఒక రిసెప్షనుకు మా ఆర్కెస్ట్రాను పిలిచారు. మధ్యాహ్నమే హాలుకు చేరి సామాన్లు దింపుకున్నాం. ఆ రోజు మా గుంపులో గిటార్లు రెండు. ఒకటి నాది. రెండోది బెంగళూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయిది. పెళ్ళికొడుకు స్నేహితులు ఈ కాలం పాటలే కావాలని పట్టుబట్టారట. అవి నా వల్ల కావని మా లీడరు తనే తేల్చుకుని, నాకు చెప్పకుండా ఆమెను మాట్లాడాడు. నొచ్చుకున్నట్టు కనపడకూడదని ఆమె సామాన్లు నేనే మోసిపెట్టాను.

ఆమె నల్లటి పలక ఒకటి స్టేజీ మీద పెట్టి, దాని మీద పెడల్స్ వరసగా అమర్చుకుంది. కాలితో నొక్కితే గిటారు గొంతు మార్చే పెట్టెలు అవి. ఎర్రది, పచ్చది, ఊదాది, ఒక్కొక్కటి ఒక్కో దేశం నుంచి వచ్చినట్టుంది. వరసలో అన్నిటికన్నా ముందు, గిటారు వైరు వచ్చి దూరేచోట, గుండ్రటి స్టీలు డబ్బా ఒకటి ఉంది. వంటింట్లో ఇంగువ పెట్టుకునేంత డబ్బా. దానికి నొక్కే మీట లేదు, తిప్పే బిరడా లేదు. మూత మీద మాత్రం, పెళ్ళిలో చదివించే గిన్నెల మీద పేర్లు చెక్కినట్టు, తెలుగులో రెండు మాటలు చెక్కి ఉన్నాయి.

ఇది ఎక్కడిదమ్మా అని అడిగాను. బెంగళూరులో ఎవరో అమ్మేస్తుంటే కొన్నదట. చేసిందెవరో తెలియదట. వాళ్ళది మడకశిర పక్క ఊరే గానీ చదువంతా బెంగళూరులో కావడంతో తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. కన్నడ అక్షరాల పోలికతో మొదటి మాట మాత్రం పోల్చుకుంది.

“అక్క అనేది కంపెనీ పేరా అంకుల్?” అంది.

“కంపెనీనే. ధర్మవరంలో ఉండాది,” అన్నాను.

ఆమె వెంటనే ఫోను తీసి వెతికింది. ఏమీ దొరక్క నా వైపు అనుమానంగా చూసింది. నేను వైర్లు సర్దే పనిలో పడ్డట్టు పక్కకు తిరిగాను. ఆ డబ్బా చేసినాయన పోయి ఏడాది కావస్తోంది. ఆయన చేతి పని అలాంటి చోట ఎదురుపడుతుందని నేను ఊహించలేదు.

ఆయన పేరు నేనిక్కడ రాయను. అన్ని డబ్బాలు చేసి ఒక్కదాని మీదా తన పేరు చెక్కించుకోని మనిషికి ఇప్పుడు నేను చెక్కడం బాగుండదు. హిందూపురంలో గిటారు పట్టిన ప్రతివాడికీ ఆయన బఫరు సారు. ఎదురుగా సారు, వెనకాల బఫరు.

మొదట చూసింది హిందూపురం పక్కన ఒక జాతరలో. మేం పాట మధ్యలో ఉన్నాం. స్టేజీ కింద బట్టతల పెద్దాయన ఒకడు తల వంచుకుని నా గిటారు వైరు వెంబడి నడుస్తున్నాడు. జనం పక్కగా, సోడా బండి వెనకగా, మిక్సరు పెట్టిన చోటుదాకా వెళ్ళాడు. వైరు దొంగేమోనని మా డ్రమ్స్ అతను వాయిస్తూనే ఆయన మీద ఒక కన్నేసి ఉంచాడు. పాట అయ్యేసరికి ఆయన తిరిగొచ్చి నా ముందు నిలబడ్డాడు.

“ఇంత పొడుగు వైరు పెట్టుకోని వాయిస్తాండావే, ఆ పక్కకు ఏం పోతాంది?” అన్నాడు.

గిటారు పోతోంది అన్నాను.

“గిటారుకు దుప్పటి కప్పి పంపిస్తాండావు,” అన్నాడు. అని, తన ఇల్లు ఏ వీధిలో ఉందో చెప్పి, సోడా తాగడానికి వెళ్ళిపోయాడు.

నాకు కోపం రావాల్సింది. రాలేదు. కొన్నాళ్ళుగా జనానికి నా గిటారు వినపడటం లేదని నాకూ తెలుసు. మా లీడరు కీబోర్డు అబ్బాయితో, నీ దాంట్లో గిటారు సౌండు కూడా ఉందిగా అని నేను వింటుండగానే అనడం మొదలుపెట్టాడు. తప్పు నా వేళ్ళదనుకుని లోలోపల కుమిలిపోతున్నాను. తప్పు వైరుదని చెప్పిన మొదటి మనిషి ఈయన. పగలు నాకు పెనుకొండలో, ఆఫీసుల ఎదురుగా, జిరాక్సు అంగడి ఉంది. మర్నాడు అంగడి మూసేసి ఆయన ఇల్లు వెతుక్కుంటూ హిందూపురం బస్సెక్కాను.

ఒక నూలు మిల్లులో ఎలక్ట్రీషియనుగా చేసి రిటైరైన మనిషి. అన్నేళ్ళు ఆ యంత్రాల మధ్య తిరిగినందుకు ఆయన చెవుల్లో సన్నటి శబ్దాలకు చోటు లేకుండా పోయింది. మాటలు వినపడేవి. ఫోను మోత, కాలిపట్టీల చప్పుడు, పిట్టల అరుపు వినపడేవి కావు. “దోమ నా కాడికి చెప్పకుండా వస్తాది,” అనేవాడు. ఫిర్యాదుగా కాదు, ఉన్న సంగతి చెబుతున్నట్టు. గిటారు వాయించడం రాదు. పాటల మీద మోజు లేదు. మిల్లు వార్షికోత్సవంలో ఒకసారి స్టేజీ వైర్లు చూసే పని ఆయన మీద పడిందట. గిటారు దగ్గర ఒక రకంగా ఉన్న శబ్దం వైరు అవతల ఇంకో రకంగా ఎందుకుండాలని ఆ రోజు బుర్రలో దూరిన పురుగు మళ్ళీ బయటికి రాలేదు.

ఆయన చెప్పగా చెప్పగా నాకు అర్థమైంది ఇది. గిటారు తీగల కింద ఉండి వాటి కదలికను పట్టుకునే పికప్ చాలా బలహీనమైనది. దాని శబ్దాన్ని పొడుగాటి వైరులోకి తోస్తే, సన్నటి స్వరాలను వైరు దారిలోనే తాగేస్తుంది. మొద్దు స్వరాలు మాత్రం అవతలికి చేరతాయి. దుప్పటి అంటే అదే. బఫరు అనేది గిటారుకూ వైరుకూ మధ్య నిలబడే చిన్న సర్క్యూటు. గిటారు మీద తన భారం మోపదు. గిటారు చెప్పింది చెప్పినట్టు పట్టుకుని, తన బ్యాటరీ బలంతో వైరులోకి పంపుతుంది. పెంచదు, తగ్గించదు, ఏమీ కలపదు. అప్పట్లో నాకిదంతా తెలియదు. గిటారును బాగుచేసే మందు లాంటిదేదో అనుకుని వెళ్ళాను.

ఏమీ మార్చని ఆ వస్తువు కోసం ఆయన ఇంటి ముందుగది మొత్తం ఖాళీ చేయించాడు. ట్రాన్సిస్టర్లు సంచీడు తెప్పించి, ఒక్కొక్కదాన్నీ మీటరుతో కొలిచి, బలాన్ని బట్టి పోపుల డబ్బాలో వేరువేరు గిన్నెల్లో పోసుకున్నాడు. ఆవాల గిన్నెలో మంచివి, మెంతుల గిన్నెలో అనుమానమున్నవి. ఆయన భార్య పోపు వేసుకోవడానికి ఇంకో డబ్బా కొనుక్కుంది.

ట్రాన్సిస్టరును ఊరికే పెడితే పలకదు. దాని మధ్య కాలిని బ్యాటరీ బలంలో సగం దగ్గర నిలబెట్టి ఉంచాలి. అప్పుడే గిటారు అల పైకీ కిందికీ ఊగడానికి చోటుంటుంది. నిలబెట్టడానికి రెసిస్టర్లు కావాలి. చిన్నవి వేస్తే ఆ భారం గిటారు మీదే పడుతుంది. పెద్దవి వేస్తే వెనకాల బుస్సుమని వినపడుతుంది. ఈ రెండింటి మధ్య ఆయన కొన్నేళ్ళు తిరిగాడు. ఆఖరికి అవుట్‌పుట్ నుంచి ఒక కెపాసిటరును వెనక్కి తెచ్చి, ఆ రెసిస్టరు రెండో కొసకు కట్టాడు. గిటారు ఎటు కదిలితే ఆ కొస కూడా అటే కదులుతుంది కాబట్టి గిటారుకు బరువు తెలియదట. శనక్కాయ మూటను ఒకడే లేపితే బరువు, అవతలి కొస పట్టుకుని ఇంకోడు కూడా లేపితే ఏం బరువు అని, లేచి నిలబడి, లేని మూటను ఎత్తి చూపించాడు. ఎత్తినవాడు ఎక్కడ దించాలో తెలియక కాసేపు అలాగే నిలబడ్డాడు.

లెక్క ప్రకారం అంతా సరిగ్గా ఉంది. లెక్కతో ఆయనకు తృప్తి లేదు. ఎవరైనా వినాలి. తన చెవులు పనికిరావు. అందుకని ఇంటికి వచ్చిన ప్రతి మనిషినీ వినమనేవాడు.

గదిలో ఒక మూల ఆంప్, గిటారు శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె, ఉండేది. గిటారు నుంచి దానికి రెండు దారులు. ఒకటి మూరెడు వైరు, నేరుగా. రెండోది బఫరు, దాని వెనక పెయింటు బకెట్టుకు చుట్టిన పొడుగాటి వైరు. రెండు దారులకూ ఒక స్విచ్చు, స్విచ్చు మీద చెయ్యి కనపడకుండా తువ్వాలు. ఫ్యాను ఆపేవాడు. విరిగిన దువ్వెన ముక్కతో తీగలన్నీ ఒకసారి మీటేవాడు. తువ్వాలు కింద చెయ్యి కదిలేది. మళ్ళీ మీటేవాడు. అప్పుడు కనుబొమలు పైకెత్తి మన మొహంలోకి చూస్తూ, “ఏమన్నా తేడా ఉండాదా?” అనేవాడు.

ఆయనకు కావాల్సిన జవాబు, ఏ తేడా లేదని. పొడుగు వైరు పొట్టి వైరులాగే పలికితే పని పూర్తయినట్టు. ఆ మాట ఎవరైనా అనేదాకా ఒక్క డబ్బా కూడా గడప దాటించనని ఆయన పంతం. అయితే తనకు ఏ జవాబు కావాలో ముందు చెప్పేవాడు కాదు. చెబితే చెవి అదే వింటుందట.

ఆ ఒక్క మాట అనడం మాకెవరికీ చేతకాలేదు. కారణం కాఫీ. మనం కూర్చోగానే ఆయన భార్య కాఫీ తెచ్చేది. చాలా మంచి కాఫీ. అది తాగిన తర్వాత, ఒక పెద్దాయన ఫ్యాను ఆపుకుని, చెమటలు కక్కుతూ, మన మొహంలోకి చూస్తుంటే, ఏం తేడా లేదు సార్ అని చెప్పే మనిషి హిందూపురంలో ఇంకా పుట్టలేదు. పాపం ఇంత కష్టపడ్డాడు, ఏదో ఒకటి బాగుపడే ఉంటుంది, ముందు విన్నది పాతది అయి ఉంటుంది, తర్వాత విన్నదే బాగుచేసింది అయి ఉంటుంది. గ్యాసు బండ తెచ్చినవాడు, మీటరు రీడింగుకు వచ్చినవాడు, పట్టుగూళ్ళ మార్కెట్టుకు వచ్చి పలకరించిపోయే బంధువు, అందరూ ఒకటే మాట అన్నారు. రెండోది శానా బాగుండాది సార్. నేనూ అదే అన్నాను, వెళ్ళిన ప్రతిసారీ.

ఒకసారి ఆ బఫరు రేడియోను కూడా పట్టుకుంది. దువ్వెన ముక్కతో మీటగానే గిటారుతో పాటు వేరుశనగ తెగుళ్ళ మీద ఎవరో రైతులకు ఇస్తున్న సలహా ఆంప్‌లోంచి స్పష్టంగా వచ్చింది. ఆ రోజు వింటున్నది వాళ్ళ వీధిలో మేస్త్రీ. రెండోది బాగుందని, అందులో ఉపయోగపడే సంగతులు కూడా ఉన్నాయని చెప్పి వెళ్ళాడు. సారు ఇన్‌పుట్ దగ్గర చిన్న కెపాసిటరు వేసి రేడియోను ఆపేశాడు.

అందరూ రెండోదే అంటుంటే ఆయన దారుల వరస మార్చాడు. అయినా రెండోదే అన్నారు. దాంతో తప్పు స్విచ్చులో ఉందనుకుని స్విచ్చు మార్చాడు. ఆంప్ మార్చాడు. మొదటి మీటుకే బ్యాటరీ నీరసపడుతోందేమోనని కొత్త బ్యాటరీ వేశాడు. బుస్సు ఉందేమోనని ఆవాల గిన్నెలో ట్రాన్సిస్టర్లన్నీ మళ్ళీ కొలిచాడు. అనుమానించకుండా వదిలేసింది ఒక్క మనుషులనే. మా మర్యాద ఆయన్ని ఏళ్ళ తరబడి ఆ గదిలో కూర్చోబెట్టింది. పూర్తయిన పనిని పూర్తి కాలేదనుకుని ఆయన మళ్ళీ మళ్ళీ విప్పుతూ, బిగిస్తూ ఉన్నాడు. ఈలోగా జాతరల్లో నా గిటారు దుప్పటి కిందే ఉంది.

ధర్మవరంలో ఆయనకు ఒక అక్క ఉంది. పట్టుచీరలు నేసే ఇల్లు. వయసుకు ఆమెను అవ్వా అనాలి గానీ సారు అక్కా అంటాడు కాబట్టి మేమూ అక్కా అనేవాళ్ళం. ఒక రోజు సారు ఆమెను చూడటానికి వెళ్తూ గిటారు మోయడానికి నన్ను తోడు రమ్మన్నాడు. అక్కను చూడటానికి గిటారు ఎందుకని నేను అడగలేదు. ఆయన చావింటికి వెళ్ళినా ఆ బకెట్టు తీసుకెళ్ళే మనిషి.

మేం పోయేసరికి అక్క మగ్గం గుంతలో కూర్చుని నేస్తోంది. చీర ఆఖరికి వచ్చింది. తమ్ముణ్ణి చూసి, పోగును అటూ ఇటూ లాగే నాడె ఆపకుండానే, కాళ్ళు కడుక్కోండి, సంగటి కెలికిపెట్టినా అంది. సారు కాళ్ళు కడుక్కోలేదు. వసారాలో ఆంప్ పెట్టి, బకెట్టు పెట్టి, తువ్వాలు పరిచాడు. ఆ వీధిలో నేతగాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, అక్క కోడలు ఇచ్చిన మజ్జిగ తాగి, విని, రెండోది శానా బాగుండాదన్నా అని చెప్పి, మగ్గాల దగ్గరికి వెళ్ళిపోయారు. అలా అన్నప్పుడల్లా సారు మూత విప్పి లోపల చూసేవాడు. మొహం వాడిపోయింది. నాకైతే ఆకలి దంచేస్తోంది.

అక్క లోపల నుంచి అన్నానికి పిలిచింది. మళ్ళీ పిలిచింది. తర్వాత గుంతలోంచి లేచి, నడుం పట్టుకుని, వసారాలోకి వచ్చి తమ్ముడి ముందు నిలబడింది. ఆమె నోరు తెరిచేలోపే ఆయన మీటేశాడు. స్విచ్చు తిప్పి మళ్ళీ మీటాడు. ఏమన్నా తేడా ఉండాదా అక్కా అన్నాడు.

“రెండూ ఒకటే. లెయ్యి, సంగటి చల్లారిపోతాంది,” అంది అక్క.

సారు చేతిలో దువ్వెన ముక్క కింద పడింది. తీసుకుని మళ్ళీ మీటాడు. ఒకటే అంది. వరస మార్చి మీటాడు. ఎన్నితూర్లు వాయించినా ఒకటే, లెయ్యి అంది. ఆయన మూత విప్పి ఏ వైరైనా ఊడిందేమోనని ఒక్కొక్కటీ గుంజి చూశాడు. అన్నీ గట్టిగా ఉన్నాయి. అప్పుడు లేచి కాళ్ళు కడుక్కున్నాడు. శనక్కాయల ఊరిబిండితో సంగటి కడుపునిండా తిన్నాడు. అంతసేపూ కళ్ళు తుడుచుకుంటూ ఉన్నాడు. కారం ఎక్కువైందేమో అని అక్క నీళ్ళ చెంబు జరిపింది.

స్టేషనుకు వచ్చే దారిలో స్టీలు సామాన్ల అంగడి కనపడితే ఆగాడు. అక్కడ గిన్నెల మీద పేర్లు చెక్కే అతను కూర్చుని ఉన్నాడు. సారు డబ్బా ఇచ్చి, అక్క వినింది అని రాయమన్నాడు. పెళ్ళికూతురు పేరు కూడా చెప్పమన్నాడు అతను. పెళ్ళి కాదన్నాడు సారు. గృహప్రవేశమా అన్నాడు. అదీ కాదన్నాడు. మరి చదివిస్తున్నది ఎవరు, ఎవరికి అని అతను మిషను చేత్తో పట్టుకుని ఎదురుచూశాడు. ఉత్త రెండు మాటలు చెక్కడం అతని అనుభవంలో లేదు. చివరికి చెక్కాడు గానీ, పక్కన ఒక పువ్వు తన తరఫున వేశాడు.

రైల్లోనే సారు నాకు మొదటిసారి ఆ పరీక్ష అసలు సంగతి చెప్పాడు. ఒకటే అనే మాట కోసమే ఇన్నాళ్ళూ చూశానన్నాడు.

“ఇన్నేండ్లలో ఒక్కడూ అనలేదప్పా ఆ మాట. చెవి అంటే మా అక్కది,” అన్నాడు.

నాకు సిగ్గేసింది. నవ్వు కూడా వచ్చింది. రెండూ కనపడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ మొదటి డబ్బా నాకే ఇచ్చాడు. తర్వాతి జాతరలో నా గిటారు సోడా బండి అవతలికి కూడా వినపడింది. మా లీడరు కీబోర్డు అబ్బాయిని గిటారు సౌండు తీసెయ్యమన్నాడు. నా తప్పులు కూడా అంతే స్పష్టంగా వినపడ్డాయి. అంతకుముందు వాటి మీదా దుప్పటి ఉండేది. హిందూపురం, ధర్మవరం, కదిరి ఆర్కెస్ట్రాల వాళ్ళు వచ్చి అడిగి డబ్బాలు చేయించుకున్నారు. ప్రతి డబ్బా ముందు ధర్మవరం వెళ్ళేది. మధ్యాహ్నం బండికి వెళ్ళేవాడు, అక్క ఒకటే అనేది, భోజనం చేసి, పువ్వుతో సహా చెక్కించుకుని వచ్చేవాడు. ఏ డబ్బానూ ఆమె తప్పు పట్టలేదు. తన చెయ్యి కుదిరిందనడానికి అదే గుర్తు అనుకున్నాడు.

అప్పటినుంచి ఆయనకు ఏదైనా నచ్చితే తేడా లేదు అనడం అలవాటైంది. అంతకు మించిన మెప్పు ఆయన దగ్గర లేదు. కొత్త కోడలు సాంబారు ఎలా ఉందని అడిగితే తేడా లేదన్నాడు. ఆ పిల్ల లోపలికి వెళ్ళి ఏడ్చింది. నాకు కూతురు పుట్టినప్పుడు చూడటానికి వచ్చి, పాప మొహం చూసి, నా మొహం చూసి, మళ్ళీ పాప మొహం చూసి, తేడా లేదు అని చెప్పి వెళ్ళాడు. ఆ మాట విలువ మా ఆవిడకు వివరించడానికి నాకు చాలా సమయం పట్టింది.

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినవాడు మళ్ళీ లేవలేదు. దినం నాడు హిందూపురం వెళ్ళాను. ముందుగదిలో బకెట్టు అలాగే ఉంది. ఎవరో దాని మీద తమలపాకుల కట్ట పెట్టారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ గదిలో ఫ్యాను తిరుగుతూ ఉండటం కూడా కొత్తగా ఉంది.

అక్క గోడకు ఆనుకుని కూర్చుని నన్ను పక్కకు పిలిచింది. ఆమెకు చదువు రాదు. ఆ డబ్బాల మీద తన గురించి ఏదో రాయించాడని ఎవరో అన్నారట, ఏం రాయించాడో చదవమంది. నా డబ్బా సంచీలోనే ఉంది. తీసి చదివాను. ఆమె బొటనవేలితో ఆ అక్షరాలను, పువ్వును తడిమింది.

“నేను యాడ విన్యానబ్బా,” అంది.

నాకు అర్థం కాలేదు.

“ఆ పొద్దు సంగటి చల్లారిపోతాంది. వాడు లేసేట్టు లేడు. ఒకటే అంటే ఇంగ అడిగేకి ఏముండదు, లేస్తాడులే అని అన్యా. లేసినాడు. అందుకే వచ్చినప్పుడల్లా అదే అన్యా. ఆ టింగుటింగులు నాకేం తెలుస్తాయి?”

డబ్బా నా చేతికి ఇచ్చేసి కొంగుతో మొహం తుడుచుకుంది. కాసేపటికి మళ్ళీ అడిగింది. ఇంతకీ ఆ డబ్బా మంచిదేనా, తాను ఉత్తుత్తిగా అన్న మాటను పట్టుకుని వాడు స్టీలు మీద చెక్కించుకుని, అది నిజమనుకుని పోయాడా అని. మంచిదే అక్కా, తేడా లేదు అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

“నువ్వు గూడా ఈ ఇంట్లో కాఫీ తాగినోడివే గదా,” అంది.

ఆమె అడిగింది సబబే. నా గిటారు వినపడుతున్న మాట నిజం. అయితే సారు కోరుకున్నది అది కాదు. పొడుగు వైరుకూ పొట్టి వైరుకూ తేడా లేకపోవడం ఆయన కోరిక. అది ఆయన సాధించాడో లేదో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. నేను వింటే నాకు కావాల్సిందే వినపడుతుంది. మా వాళ్ళను వినమంటే, సారు మీద గౌరవంతో, రెండోది శానా బాగుండాది అంటారు. ఆ రోజు నుంచి స్టేజీ మీద ఆ డబ్బాకు వైరు పెట్టినప్పుడల్లా అక్క చూసిన చూపు గుర్తొచ్చేది. ఆమె నాకు ఎప్పుడూ ఫోను చేయలేదు. నేనూ చేయలేదు.

పెనుకొండ హాల్లో ఇదంతా మనసులో తిరుగుతుండగా బెంగళూరు అమ్మాయి తనకు ఆకలిగా ఉందని, దారిలో ఏమీ తినలేదని, కనీసం కాఫీ అయినా దొరుకుతుందా అని అడిగింది. వంటవాళ్ళ దగ్గర ఉంటుందమ్మా, తెస్తానని నాలుగడుగులు వేశాను. అక్కడే ఆగిపోయాను. ఈ అమ్మాయికి సారు ఎవరో తెలియదు. నేనెవరో తెలియదు. ఇంకా కాఫీ తాగలేదు.

వెనక్కి వచ్చి, ఒక్క నిమిషం ఒక చిన్న పని ఉందన్నాను. దారి మార్చే స్విచ్చు ఆమె పలక మీదే ఉంది. ఒక దారికి మూరెడు వైరు కట్టి నేరుగా ఆంప్‌లో పెట్టాను. రెండో దారికి ఆమె డబ్బా, దాని వెనక మా ఆర్కెస్ట్రా పొడుగు వైరు మొత్తం. వైరును తెచ్చి హాలు చివర కుర్చీల చుట్టూ తిప్పి మళ్ళీ స్టేజీ మీదికి లాక్కొచ్చి అదే ఆంప్‌లో పెట్టాను. స్విచ్చు మీద నా తువ్వాలు వేశాను. ఫ్యాన్లు ఆపమంటే హాలు కుర్రవాడు విచిత్రంగా చూసి ఆపాడు. ఇదంతా ఎందుకని ఆమె అడిగితే, ముందు వినమ్మా, తర్వాత చెబుతానన్నాను.

మీటాను. స్విచ్చు తిప్పి మళ్ళీ మీటాను.

“ఏమన్నా తేడా ఉండాదా?” అన్నాను. నాకు తెలియకుండానే నా కనుబొమలు పైకి లేచాయి.

ఆమె ఇంకోసారి వాయించమంది. వచ్చి ఆంప్ ముందు గొంతుక్కూర్చుని, తల పక్కకు వంచి, కళ్ళు మూసుకుంది. వాయించాను. వరస మార్చి వాయించమంది. మార్చి వాయించాను.

“లేదంకుల్. రెండూ ఒకటే,” అంది లేస్తూ. “అసలు ఏం మార్చినారు? దీనికా కాఫీ ఆపినారు?”

తెస్తానమ్మా అని స్టేజీ దిగి, హాలు వెనక వంటల పందిరి పక్కకు వెళ్ళి, ధర్మవరానికి ఫోను చేశాను. కోడలు ఎత్తి అక్కకు ఇచ్చింది. వెనకాల మగ్గం ఆడుతున్న చప్పుడు వస్తోంది. బెంగళూరు అమ్మాయి ఒకామె, సారు ఎవరో కూడా తెలియని పిల్ల, ఆయన డబ్బాను విని రెండూ ఒకటే అనిందక్కా అని చెప్పాను.

అక్క ఎవరినో ఆపమంది. మగ్గం చప్పుడు ఆగింది.

“ముందే కాఫీ ఇచ్చినావా ఆ పిల్లకు?” అంది.

“లేదక్కా. ఏమీ ఇయ్యలేదు. ఆకలితో ఉండాది.”

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు వచ్చింది.

“సరే అయితే,” అంది అక్క. “ఇప్పుడియ్యి, పో.”